కిలోల లెక్కన కాంట్రా

కిందటి నెల ఒక ఆదివారం పొద్దున్నే ఎర్రగడ్డ సంతకి వెళ్ళాను. హైదరాబాదులో ఉండేవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. పాత మిక్సీలు, ఒక కాలు లేని కుర్చీలు, ఏ ఫోనువో తెలియని చార్జర్లు, అన్నీ రోడ్డు పక్కన పట్టాల మీద కుప్పలు పోసి అమ్ముతుంటారు. నేను వెళ్ళింది పాత లాప్‌టాప్‌కి అడాప్టర్ దొరుకుతుందేమోనని. అది దొరకలేదు గానీ, రిమోట్ల కుప్పలో పసుప్పచ్చటి క్యాసెట్టు ఒకటి కనబడింది. పైన కండలు తిరిగిన ఇద్దరు వస్తాదులు, చేతుల్లో తుపాకులు. కింద "9999 ఇన్ 1" అని స్టిక్కరు.

ఎంత అంటే నాలుగొందలన్నాడు. మారుమాట్లాడకుండా ఇచ్చేశాను.

పక్కనున్న నా రూమ్మేటు "నీకేమైనా పిచ్చా, చెత్తకి నాలుగొందలా" అన్నాడు. "ఇలాంటివి ఒక బస్తాడు నా చేత్తో నేనే సుత్తి పెట్టి పగలగొట్టాను, తెలుసా" అంటే నమ్మలేదు. తిరిగొచ్చేటప్పుడు మెట్రోలో ఆ కథంతా చెప్పాను. చెప్తున్నకొద్దీ అది నా ఒక్కడి కథ కాదనిపించింది. అందుకే ఇక్కడ రాస్తున్నాను. కాస్త పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

మా ఊరికి దగ్గర స్టేషను సుమ్మాదేవి. హౌరా-చెన్నై మెయిన్ లైను మీద పలాస దాటాక, మందస రోడ్డు రాకముందు వచ్చే చిన్న స్టేషను. పెద్ద రైళ్ళేవీ ఆగవు. కోరమాండల్‌లో కూర్చుని కళ్ళు మూసి తెరిచేలోపు వెళ్ళిపోతుంది. ఇటు జీడితోటలు, అటు సముద్రం వైపు ఉద్దానం కొబ్బరితోటలు. మాకు సినిమా కావాలన్నా, చెప్పులు కావాలన్నా, ఇంజక్షన్ కావాలన్నా పలాస-కాశీబుగ్గే గతి.

2004లో నాకు ఏడేళ్ళు. నాన్న కాశీబుగ్గలో 450 రూపాయలు పెట్టి టీవీ గేము కొన్నారు. మా వైపు దాని పేరు "వీడియో గేము" అంతే, దానికో కంపెనీ ఉంటుందని ఎవరికీ తట్టలేదు. పసుపు వైరు, తెలుపు వైరు టీవీ వెనక గుచ్చి, రెండు రిమోట్లు, ఒక ప్లాస్టిక్ తుపాకీ. కొట్టాయన "కలకత్తా సరుకు బాబూ, గట్టిది" అన్నాడు. డబ్బా మీద ఉన్న అక్షరాల్లో సగం ఇంగ్లీషు, సగం చైనా. ఇంగ్లీషులో కూడా స్పెల్లింగులు తప్పులే :)

ఆ వేసవంతా మా అన్నయ్యా, నేనూ, వీధిలో గుంటలందరూ ఆ టీవీ ముందే. కాంట్రా, మారియో, రోడ్ ఫైటర్, సర్కస్, బాతుల వేట. అన్నిటికంటే మాకు ఇష్టమైంది ట్యాంకుల గేము. ఇటుక గోడల మధ్య తిరుగుతూ, కింద ఉన్న గద్దబొమ్మని కాపాడుకోవాలి. అందులో "కన్‌స్ట్రక్షన్" అని ఒకటుండేది, మనకిష్టమొచ్చినట్టు ఇటుకలు పేర్చుకోవచ్చు. అన్నయ్య ఇటుకలతో కష్టపడి "స" అని రాశాడు. స అంటే సుమ్మాదేవి అట. కరెంటు పోయింది, స పోయింది. ఆ గేములో సేవ్ చేసుకునే వీలు లేదు మరి.

సరే, ఇక సుత్తి కథ.

పదో తరగతి పరీక్షలయ్యాక, 2013 వేసవిలో, మా మావయ్య తుక్కు సామాన్ల కొట్లో రెండు నెలలు పనిచేశాను. పేరుకి లెక్కలు రాయడానికి. అసలు పని ఏరడం. ఊళ్ళలో సైకిళ్ళ మీద తిరిగి కొనేవాళ్ళు సాయంత్రానికి బస్తాలు తెచ్చి దింపుతారు. కాటా వెయ్యాలి, తర్వాత వేరు చెయ్యాలి. ఇనుము ఒక కుప్ప, రాగి ఒక కుప్ప, ఇత్తడి విడిగా తాళం వేసిన గదిలో. మా దగ్గర ఎక్కువ వచ్చేవి జీడిపప్పు ప్యాకింగ్ డబ్బాలు, పాడైన పంపుసెట్టు మోటార్లు, తెగిన వలలు, పాత పుస్తకాలు. ఆ ఏడు కొత్తగా టీవీలు రావడం మొదలైంది. అందరూ గోడకి తగిలించే టీవీలు కొంటున్నారు, వెనక పెద్ద మూపురం ఉన్న పాత టీవీలు మా కొట్టుకొస్తున్నాయి. వాటి మెడ దగ్గరున్న రాగి చుట్ట తీసుకుంటే మిగిలినదంతా దండగ. గాజు గొట్టం ఎవడూ కొనడు.

అమెరికాలో దీన్నే కాస్త శుభ్రంగా, గాజు తలుపులు పెట్టి, థ్రిఫ్ట్ స్టోరు అంటారు. జనం వాడేసినవి ఇస్తారు, వేరేవాళ్ళు చవగ్గా కొనుక్కుంటారు. తేడా ఏమిటంటే, అక్కడ వస్తువు వస్తువుగానే బయటికెళ్తుంది. మా కొట్లోకి వచ్చిన వస్తువు బయటికెళ్ళేటప్పటికి లోహం, ప్లాస్టిక్, కాగితం.. ఈ మూడిట్లో ఏదో ఒకటైపోతుంది.

మే నెలలో ఒకరోజు ఒక బస్తా వచ్చింది. కాశీబుగ్గలో గంటకి ఐదు రూపాయలు తీసుకుని వీడియో గేములు ఆడించే కొట్టు ఒకటుండేది. అది మూసేసి ఓనరు మొబైల్ రీచార్జి షాపు పెట్టుకున్నాడు. ఆ కొట్లో ఉన్న క్యాసెట్లన్నీ ఆ బస్తాలో ఉన్నాయి. పసుపు, నలుపు, ఎరుపు, బూడిద రంగు. నాలో ఉన్న ఏడేళ్ళ గుంటడు ఒక్కసారి లేచి కూర్చున్నాడు. ఒక్కొక్కటీ తీసి స్టిక్కర్లు చదువుతుంటే మావయ్య చూశారు.

"ఏట్రా అల్లుడూ, అలాగ చూస్తన్నావు? సుత్తి తీసి కొట్టీ. డబ్బా ఒక పక్క, లోపలి పలక ఒక పక్క."

"ఆడుకోవచ్చు కదా మావయ్యా, బాగానే ఉన్నాయి."

"ఎవుడాడతాడు ఇప్పుడు? గట్టి ప్లాస్టిక్కు రేటుంది. కొట్టీ, సాయంత్రం లారీ ఉంది."

కొట్టాను. నిజం చెప్పాలంటే మొదటి రెండు మూడిటికి బాధేసింది, తర్వాత చెయ్యి అలవాటు పడిపోయింది. ఒక్కో దెబ్బకి ఒక్కో డబ్బా రెండు చిప్పలుగా విడిపోయేది. లోపల అగ్గిపెట్టెకి కాస్త పెద్దదైన పలక. పలక మీద చిప్పు అంటూ ఏమీ కనబడేది కాదు. నల్లటి తారు బొట్టు లాంటిది ఒకటి, అంతే. మావయ్య అప్పటికే కంప్యూటర్ బోర్డులు కొనే వాళ్ళకి ఒకట్రెండు చూపించి ఉన్నారట. వాళ్ళు "ఇందులో ఏమీ రాదు" అని తిరగ్గొట్టారు. అందుకని ప్లాస్టిక్కు లారీ ఎక్కింది, పలకలు చెత్తలోకి వెళ్ళాయి. నేను మూడు క్యాసెట్లు మాత్రం చొక్కా కింద దాచి ఇంటికి తెచ్చుకున్నాను.

ఆ నల్ల బొట్టు ఏమిటో ఇంజనీరింగ్‌కి వచ్చాక తెలిసింది. చిప్పుకి విడిగా ప్యాకేజీ కట్టకుండా, సిలికాన్ ముక్కని నేరుగా బోర్డు మీద అతికించి, సన్నటి తీగలతో కలిపి, పైన ఎపాక్సీ పోసేస్తారు. చవక. పైగా ఆ చిప్పు ఎవరిదో, నెంబరెంతో, ఎప్పుడు తయారైందో బయటికి ఏమీ కనబడదు. మనం ఆడిన ఆటల చరిత్ర మొత్తం ఆ నల్ల బొట్టు కింద ఉంది. ఉద్యోగంలో చేరాక తీరిక దొరికినప్పుడల్లా దాన్ని కొంచెం కొంచెం గోకుతూ వచ్చాను. నాకర్థమైనంతవరకు కథ ఇదీ.

1983 జూలై 15న జపాన్‌లో నింటెండో ఫ్యామికామ్ అనే యంత్రాన్ని విడుదల చేసింది. లోపల 6502 ఆధారంగా రికో కంపెనీ చేసిన ప్రాసెసర్, వేగం 1.79 మెగాహెర్ట్జ్, ర్యామ్ 2 కిలోబైట్లు. ఇప్పుడు మనం ఆఫీసులో పంపే మెయిల్ సిగ్నేచర్ కూడా అందులో పట్టదు. 1985లో అదే యంత్రాన్ని ఎన్.ఇ.ఎస్. పేరుతో అమెరికాకి తీసుకెళ్ళారు. అమెరికా మోడల్లో ఒక తాళం చిప్పు పెట్టారు, కంపెనీ అనుమతి లేని క్యాసెట్టు పెడితే ఆడదు. జపాన్ మోడల్లో ఆ తాళం లేదు. క్యాసెట్టుకి పళ్ళు కూడా వేరు. జపాన్‌ది 60, అమెరికాది 72.

తాళం లేని ఇంట్లోకి ఎవరైనా దూరొచ్చు కదా. తైవాన్ వాళ్ళు దూరారు. యూఎంసీ అనే తైవాన్ చిప్పుల కంపెనీ ఫ్యామికామ్ లోపలి చిప్పులకి నకళ్ళు చేసింది. మైక్రో జీనియస్ లాంటి తైవాన్ యంత్రాలు వచ్చాయి. తర్వాత ప్రాసెసరూ, బొమ్మలు గీసే చిప్పూ అన్నీ కలిపి ఒకే చిప్పులోకి కుదించారు. దాంతో యంత్రం మొత్తం ఒక బొమ్మ ధరకి దిగిపోయింది. ప్రపంచంలో నింటెండో అడుగు పెట్టని చోట్లకి అదే వెళ్ళింది. రష్యాలో 1992 చివర్లో స్టీప్లర్ అనే కంపెనీ దాన్ని "డెండీ" అని అమ్మింది. పోలాండ్‌లో "పెగాసస్". చైనాలో "సుబోర్", దానికి జాకీచాన్ ప్రకటనలు. మన దేశంలో "లిటిల్ మాస్టర్", "మీడియా" లాంటి పేర్లు. మా ఇంటికొచ్చిన దానికి ఆ పేరు కూడా లేదనుకోండి.

అసలు సరుకు ఎందుకు రాలేదంటారా? ఒక ఉదాహరణ చెప్తాను. 1995లో సెగా కంపెనీ మన దేశంలోకి మెగా డ్రైవ్‌ని తెచ్చింది. 80 శాతం దిగుమతి సుంకం తప్పించుకోడానికి షా వాలెస్‌తో ఒప్పందం చేసుకుని తెచ్చారు. అయినా ధర 18,000 రూపాయలు. 1995లో పద్దెనిమిది వేలు! మా వైపు ఆ డబ్బుతో టీవీ కొని, ఫ్రిజ్జు కొని, ఇంకా మిగిలింది బ్యాంకులో వేసుకునేవారు. 2001 ఏప్రిల్ 1న ప్రభుత్వం మిగిలి ఉన్న 715 వస్తువుల మీద దిగుమతి పరిమితులు ఎత్తేసింది. ఆ తర్వాత చైనా బొమ్మలు, టార్చిలైట్లు, రేడియోలు చిన్న ఊళ్ళ సంతలకి కూడా ధారాళంగా రావడం మనందరం చూశాం. అంతకు ముందు విదేశీ సరుకంటే కలకత్తా ఖిదిర్‌పూర్ ఫ్యాన్సీ మార్కెట్టో, మద్రాసు బర్మా బజారో. మా సుమ్మాదేవి ఆ రెండు ఊళ్ళని కలిపే రైలు పట్టా మీదే ఉంది, ఆగేది మాత్రం పాసింజరే.

ఇక్కడ ఒక చిన్న పిట్టకథ.

మా క్లయింట్ వైపు టీములో ఒకాయన ఉన్నాడు. పుట్టింది రష్యాలో, ఇప్పుడు బెర్లిన్‌లో ఉంటాడు. నాకంటే పదేళ్ళు పెద్ద. ఒకసారి కాల్‌లో అందరూ జాయినయ్యేలోపు పిచ్చాపాటీ మాట్లాడుతూ చిన్నప్పుడు ఏ గేములు ఆడారని అడిగాడు. పేరు తెలియదు, ట్యాంకులు, ఇటుక గోడలు, కింద గద్ద అన్నాను. "బ్యాటిల్ సిటీ!" అని అరిచాడు. వాళ్ళింట్లో డెండీ ఉండేదట. దాని డబ్బా మీద ఏనుగు బొమ్మ ఉంటుందని కూడా చెప్పాడు. అదే కాల్‌లో ఉన్న అమెరికన్ మేనేజరు మా ఇద్దరినీ వింతగా చూశాడు. ఆయన అసలు సిసలు ఎన్.ఇ.ఎస్. ఆడి పెరిగినవాడే, కానీ ఆ ఆట పేరే వినలేదు.

తర్వాత చూస్తే విషయం అర్థమైంది. బ్యాటిల్ సిటీని 1985లో నామ్కో కంపెనీ జపాన్‌లో ఫ్యామికామ్ కోసం విడుదల చేసింది. ఎన్.ఇ.ఎస్. మీద అమెరికాలో అది అసలు రానే లేదు. రోడ్ ఫైటర్‌దీ అంతే, అమెరికా ఎన్.ఇ.ఎస్. ముఖం చూడలేదు. సర్కస్ చార్లీ ఫ్యామికామ్ క్యాసెట్టు జపాన్ దాటలేదు. దాటించింది నకలుగాళ్ళే. అంటే మందస పక్కన పెరిగిన నేనూ, రష్యాలో పెరిగిన ఆయనా ఒకే బాల్యం పంచుకున్నాం. డబ్బు పెట్టి అసలుది కొనుక్కున్న అమెరికా పిల్లాడికి ఆ బాల్యం లేదు. ఇంటర్నెట్ లేని రోజుల్లోనే జరిగిన గ్లోబలైజేషన్ ఇది. దీనికి ఎక్కడా రసీదు లేదు.

అలాగని నకలు కొట్టడం గొప్ప అని నేననను. మనమూ కోడ్ రాసి బతికేవాళ్ళమే. మన మాడ్యూల్ మీద ఇంకొకడు పేరు పెట్టుకుంటేనే రెండ్రోజులు అన్నం సయించదు. ఆ క్యాసెట్లలో జరిగింది అంతకంటే ఘోరం. చాలా ఆటల్లో మొదటి స్క్రీను మీదున్న కంపెనీ పేరు, సంవత్సరం తీసేశారు. 1985 సెప్టెంబర్ 13న వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం సైజు 40 కిలోబైట్లు. 32 ప్రోగ్రాముకి, 8 బొమ్మలకి. చోటు చాలక ఆకాశంలో మేఘానికీ, నేల మీద పొదకీ ఒకే బొమ్మ వాడారు, రంగు మార్చి. అంత పొదుపుగా పని చేసినవాళ్ళ పేరు చెరిపెయ్యడానికి ఇంకెవడికో కొన్ని బైట్లు మారిస్తే సరిపోయింది.

"9999 ఇన్ 1" సంగతి కూడా అంతే. ఎర్రగడ్డ క్యాసెట్టు తెచ్చాక, ఆన్‌లైన్లో ఒక సెకండ్ హ్యాండ్ యంత్రం కూడా కొని, ఒక ఆదివారం కూర్చుని లెక్కపెట్టాను. జాబితా తిప్పుతూ పోతే ఆటలు తిరిగి తిరిగి అవే వస్తాయి. ఒక చోట మారియో మొదటి లెవెల్ నుంచి, ఇంకో చోట అదే మారియో నాలుగో లెవెల్ నుంచి, పేరు మాత్రం వేరే. ప్రోగ్రామరు భాషలో చెప్పాలంటే ఒకే ఫంక్షన్‌ని వేరే ఆర్గ్యుమెంట్లతో పిలవడం. నా క్యాసెట్లో అసలు ఆటలు ఏడు తేలాయి. చిన్నప్పుడు అన్నయ్య "నేను 200 గేములు ఫినిష్ చేశాను" అని గొప్పలు చెప్పుకునేవాడు. ఫోన్ చేసి ఈ సంగతి చెప్తే కాసేపు మాట్లాడలేదు :)

అయితే పేర్లు చెరపడం దొంగలతో మొదలవలేదు. 1970ల్లో అటారీ కంపెనీ తన ఆటల మీద ప్రోగ్రామర్ల పేర్లు వేసేది కాదు. దానికి మండే 1979లో నలుగురు ప్రోగ్రామర్లు బయటికొచ్చి యాక్టివిజన్ పెట్టుకున్నారు. అడ్వెంచర్ అనే ఆట రాసిన వారెన్ రాబినెట్ మేనేజర్లకి తెలియకుండా ఆటలోనే ఒక రహస్య గది కట్టి అందులో తన పేరు రాసుకున్నాడు. జపాన్‌లోనూ 80ల్లో చాలా కంపెనీలు ఆట చివర అసలు పేర్లకి బదులు మారుపేర్లు వేయించేవి, వేరే కంపెనీ వాళ్ళు మనుషుల్ని ఎగరేసుకుపోతారని. మొదట కంపెనీ ప్రోగ్రామరు పేరు చెరిపింది. తర్వాత నకలుగాడు కంపెనీ పేరు చెరిపాడు. ఆఖర్న మిగిలినదాన్ని కాశీబుగ్గలో నేను సుత్తితో చెరిపాను.

ఇదే సరుకు ఇంకో దేశంలో ఏమైందో చూడండి.

1982లో అటారీ "ఇ.టి." అనే ఆట చేసింది. దాని ప్రోగ్రామరు హోవర్డ్ స్కాట్ వార్షాకి ఇచ్చిన టైము ఐదు వారాలు. (మన డెడ్‌లైన్లు గుర్తొచ్చాయా?) అది ఘోరంగా పోయింది. 1983లో అమెరికా గేముల వ్యాపారమే కుప్పకూలింది. ఆ సెప్టెంబర్లో అటారీ అమ్ముడుపోని సరుకుని న్యూ మెక్సికోలో అలమొగోర్డో అనే ఊరి చెత్తదిబ్బలో పాతిపెట్టింది. 2014 ఏప్రిల్ 26న దాన్ని తవ్వారు. 1,300 దాకా క్యాసెట్లు బయటికొచ్చాయి. ఆ ఊరి వాళ్ళు వాటిలో చాలావాటిని వేలంలో అమ్మి లక్ష డాలర్లకి పైగా సంపాదించారు. ఒకటి స్మిత్‌సోనియన్ మ్యూజియానికి వెళ్ళింది. చెత్తే, కానీ పేరున్న చెత్త.

2013లో, అంటే నేను సుత్తి పట్టుకున్న ఏడాదే, నార్త్ కరొలైనాలో ఒకావిడకి గుడ్‌విల్ థ్రిఫ్ట్ స్టోర్లో "స్టేడియం ఈవెంట్స్" అనే ఎన్.ఇ.ఎస్. క్యాసెట్టు దొరికింది. 8 డాలర్లు పెట్టి కొంది. 25,000 డాలర్లకి అమ్మింది. 2021 ఆగస్టులో సీలు తియ్యని సూపర్ మారియో బ్రదర్స్ ఒకటి 20 లక్షల డాలర్లకి అమ్ముడైంది. అది ఎవరూ ఆడనిది కాబట్టి అంత ధర. మా కాశీబుగ్గ కొట్లో క్యాసెట్లు వందల మంది పిల్లలు ఆడినవి. పళ్ళు అరిగిపోయి, నోటితో ఊది ఊది, స్టిక్కర్లు చిరిగి.. అందుకే వాటి ధర కిలోకి పది రూపాయలో ఎంతో.

నాకు డబ్బు గురించి బాధ లేదు. ఆ నకలు క్యాసెట్లకి ఇప్పుడైనా పెద్ద ధరేమీ లేదు. నా బాధ వేరే. అసలు సరుకుని కాపాడే వాళ్ళు ఎక్కడో ఒకచోట ఉన్నారు, నకలుని కాపాడేవాడు లేడు. కానీ మన ఊళ్ళలో జరిగింది నకలు చరిత్రే. ఏ క్యాసెట్టు ఏ ఊరొచ్చింది, జాబితాలో ఏ ఆటలుండేవి, గంటకి ఎంత తీసుకునేవారు, ఎప్పుడు మూతబడింది.. ఇవన్నీ చెప్పగలిగే వస్తువులు ఒక బస్తాలో ఒకేచోట ఉన్నాయి. ఒక కొట్టు కొట్టే. లైబ్రరీ వాళ్ళయితే దాన్ని ఆర్కైవ్ అనేవారు. ఒక మధ్యాహ్నంలో అయిపోయింది.

అసలు సరుకుకైనా భరోసా ఉందా అంటే అదీ అంతంతమాత్రమే. 2023 జూలైలో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ ఒక అధ్యయనం ప్రచురించింది. 2010కి ముందు అమెరికాలో విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో కొనడానికి దొరకవు. వాటిని పరిశోధకులకి లైబ్రరీల ద్వారా ఆన్‌లైన్లో చూపించడానికి అనుమతి ఇమ్మని అడిగితే 2024 అక్టోబర్లో అక్కడి కాపీరైట్ ఆఫీసు కుదరదంది.

మనకి దగ్గరి ఉదాహరణ కావాలంటే, 2009లో "హనుమాన్: బాయ్ వారియర్" అని ప్లేస్టేషన్ 2 ఆట వచ్చింది. పూర్తిగా మన దేశంలో తయారైన మొదటి ప్లేస్టేషన్ ఆట అని అప్పట్లో పేపర్లలో రాశారు. చేసింది మన హైదరాబాద్ కంపెనీ అరోనా టెక్నాలజీస్. అదే ఏడాది హైదరాబాద్‌కే చెందిన గేమ్‌శాస్త్ర కబడ్డీ, గిల్లీదండా లాంటి ఆటలతో "దేశీ అడ్డా" చేసింది. 2013లో ప్లేస్టేషన్ 2 తయారీ ఆగిపోయింది. ఇప్పుడు ఆ డిస్కులు ఆడాలంటే పాత యంత్రమూ, పాత డిస్కూ రెండూ సెకండ్ హ్యాండ్‌లోనే వెతుక్కోవాలి. మన ఊరి ఇంజనీర్లు చేసిన పనిని మనమే ఎర్రగడ్డ పట్టాల మీద వెతుక్కోవాలన్నమాట.

ఇంకా కొత్తవి అసలు సంతకే రావు. 2020 సెప్టెంబర్ 2న పబ్‌జీ మొబైల్‌ని నిషేధించారు. ఇంకొన్నాళ్ళకి సర్వర్లు ఆపేశారు, దేశం మొత్తం మీద ఆట ఆగిపోయింది. మరుసటి ఏడు ఇంకో పేరుతో తిరిగొచ్చింది, అది వేరే సంగతి. ఆ ఆటకి పగలగొట్టడానికి ఒక డబ్బా కూడా లేదు. మా మావయ్య కొట్టుకి వచ్చే అవకాశమే లేదు. ముప్ఫై ఏళ్ళ తర్వాత ఎవడైనా "మా చిన్నప్పుడు ఇది ఆడాం" అని చూపించడానికి ఏముంటుంది? వీడియోలు తప్ప.

వస్తువు మిగిలినా ఒక్కోసారి చుట్టూ ఉన్నది పోతుంది. నా ప్లాస్టిక్ తుపాకీ సంగతే చూడండి. బాతుల వేటలో మీట నొక్కగానే స్క్రీను ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్న చోట తెల్ల చదరం వస్తుంది. తుపాకీ గొట్టంలో ఉన్న సెన్సారు ఆ తెలుపుని పసిగట్టాలి. పాత టీవీ గీసే టైమింగుకి కట్టిన లెక్క అది. ఇప్పటి టీవీల్లో బొమ్మ ఆలస్యంగా వస్తుంది, లెక్క తప్పుతుంది, బాతు చావదు. ఆ మూపురం టీవీల రాగి చుట్టలు ఊడదీసిందీ నేనే.

మరి ఆ దాచుకున్న మూడు క్యాసెట్లేమయ్యాయి?

ఒక జీడిపప్పు డబ్బాలో పెట్టి అమ్మమ్మ వాళ్ళింట్లో అటక మీద పెట్టాను. అమ్మమ్మ వాళ్ళది వజ్రపుకొత్తూరు వైపు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి. నేనప్పుడు విశాఖపట్నంలో ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. రెండ్రోజులు ఇంటికి ఫోను కలవలేదు. వెళ్ళి చూస్తే ఉద్దానం ఉద్దానంలా లేదు. తాతల నాటి కొబ్బరిచెట్లు మొదలంటా పడున్నాయి. జీడిచెట్లు వేళ్ళతో సహా లేచి బోర్లా ఉన్నాయి. అమ్మమ్మ వాళ్ళ పైకప్పు లేదు. తడిసినవన్నీ వాకిట్లో కుప్ప పోశారు, వారం తిరక్కుండా తుక్కు కొనేవాడొస్తే ఇచ్చేశారు. ఆ జీడిపప్పు డబ్బా కూడా వెళ్ళిపోయింది.

నేనడగలేదు. కొబ్బరిచెట్టు మళ్ళీ కాపుకి రావాలంటే ఎన్నేళ్ళు పడుతుందో లెక్కేసుకుంటున్న మనుషుల ముందు గేమ్ క్యాసెట్ల గురించి ఎలా అడుగుతాం? సిగ్గేసింది. చరిత్ర ఎందుకు మిగలదో ఆ రోజు నాకు తెలిసింది. ఎవరో కావాలని తగలబెట్టక్కర్లేదు. ఇంటి కప్పు ఎగిరిపోయినప్పుడు ఎవరూ అటక మీద ఏముందో చూడరు. అది న్యాయమే కూడా. అలాంటి రోజు రాకముందే ఎవరో ఒకరు తీసి పక్కన పెట్టుకోవాలి.

ఇప్పుడు ఎర్రగడ్డ క్యాసెట్టు పళ్ళు పెన్సిల్ రబ్బరుతో రుద్దాను, ఆడుతోంది. దాని లోపలి పలకని రెండు వైపులా ఫోటో తీశాను. జాబితాలో పేర్లన్నీ, తప్పు స్పెల్లింగులతో సహా, ఒక ఫైల్లో ఎక్కించాను. పెద్ద పనేం కాదు, గంటన్నర పట్టింది. మీ అటకల మీద ఇలాంటివి ఉంటే, పారేసేముందు కనీసం ఆ గంటన్నర కేటాయించండి. ఏ ఊళ్ళో ఎప్పుడు ఎంతకి కొన్నారో ఒక ముక్క రాసి పెట్టండి. అన్నిటికంటే తొందరగా పోయేది అదే.

మొన్న మావయ్యకి ఫోన్ చేసి నాలుగొందల సంగతి చెప్పాను.

"నాలుగొందలే! ఒక్కదానికే? మరి అప్పుడే చెప్పాల కదేట్రా!"

"చెప్పాను మావయ్యా. సుత్తి ఇచ్చారు."

కాసేపు నవ్వారు. తర్వాత, "ఏదో నెట్ సెంటర్ ఖాళీ చేసినారంట, ఒక బస్తాడు సీడీలొచ్చినాయి. మీద ఏవేవో ఆటల బొమ్మలున్నాయి. రేపు లారీకి ఎక్కించీమంటావా, ఉంచమంటావా?" అన్నారు.

ఉంచమన్నాను. ఈ శుక్రవారం రాత్రి రైలుకి టికెట్ తీసుకున్నాను.